చైనా నుంచి యూరప్‌కు సరుకు: రైలెక్కించాలా, ఓడెక్కించాలా?

మ్యాపు చూస్తే రైలే గెలవాలి. చైనా నైరుతి లోతట్టునున్న చోంగ్‌చింగ్ నుంచి జర్మనీలోని డ్యూస్‌బర్గ్‌కు పట్టాల మీద దాదాపు 11,000 కిలోమీటర్లు. అదే సరుకు ఓడలో పోవాలంటే ముందు షాంఘై చేరాలి. అక్కడి నుంచి మలక్కా జలసంధి, ఎర్రసముద్రం, సూయజ్ కాలువ దాటి రాటర్‌డామ్‌కు సముద్రంలోనే 19,000 కిలోమీటర్ల పైమాట. రైలుకు దూరం తక్కువ, పట్టే రోజులు సగం కంటే తక్కువ. అయినా ఓడదే రాజ్యం. 2016లో చైనా, యూరోపియన్ యూనియన్ల మధ్య నడిచిన సరుకులో రైలు వాటా బరువు లెక్కన ఒక శాతం లోపు, విలువ లెక్కన రెండు శాతం చుట్టూ. ఆ తర్వాత రైళ్లు ఎన్నో రెట్లు పెరిగినా ఈ వరస తిరగబడలేదు.

కాబట్టి "రైలు మంచిదా, ఓడ మంచిదా" అని అడిగితే తేలేదేమీ ఉండదు. నా సరుకు ఆ కొద్ది శాతంలో పడుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో కంపెనీ కొనుగోళ్లు చూస్తున్నవాళ్లకూ, చైనా నుంచి సరుకు తెప్పించి యూరప్‌లో అమ్ముకుంటున్నవాళ్లకూ ఇది ఏటా ఎదురయ్యే ప్రశ్నే. నా మటుకు నేను ఓడతోనే మొదలుపెడతాను. రైలు ఎందుకు కావాలో రైలే రుజువు చేసుకోవాలి.

ఓడ అంత చవకగా ఎలా మోస్తుంది

ఇప్పుడు ఆసియా, యూరప్‌ల మధ్య తిరిగే పెద్ద ఓడల పొడవు 400 మీటర్లు. 20 అడుగుల కంటైనర్ పెట్టెల లెక్కన ఒక్కోటి 24,000 దాకా మోస్తుంది. దాన్ని నడిపే సిబ్బంది పాతికమంది చుట్టూ ఉంటారు. ఒక రైలుకు ఎక్కేవి 40 అడుగుల పెట్టెలు 41 నుంచి 55 వరకు, అంటే 20 అడుగుల లెక్కన 80 నుంచి 110. ఒక్క ఓడ సరుకు కదలాలంటే 220 నుంచి 300 రైళ్లు కావాలి. ఒక్కో రైలుకు ఎన్నో ఇంజన్లు, ఎందరో డ్రైవర్లు మారాలి. ప్రతి దేశం తన పట్టాల మీద నడిచినందుకు రుసుము వసూలు చేస్తుంది. చైనా, కజకిస్తాన్, రష్యా, బెలారస్, పోలండ్, జర్మనీ అంటూ ఆరు దేశాల రైల్వేలకు లెక్క కట్టాలి. సముద్రానికి ఆ బాధ లేదు. కాలువ దగ్గర టోలు కట్టాలి, రేవు ఛార్జీలు కట్టాలి, అంతే. నడిమధ్య వేల మైళ్ల నీటికి మరమ్మతు ఖర్చంటూ ఉండదు.

దీనికి తోడు గేజ్ గొడవ. చైనాలోనూ పశ్చిమ యూరప్‌లోనూ పట్టాల మధ్య వెడల్పు 1435 మిల్లీమీటర్లు. మధ్యలో ఉన్న పాత సోవియట్ దేశాల్లో 1520. తేడా 85 మిల్లీమీటర్లే, కానీ దాని కోసం రెండుసార్లు క్రేన్లతో పెట్టెలన్నీ ఒక బండి నుంచి ఇంకో బండికి ఎత్తాలి. ఒకసారి కజకిస్తాన్ సరిహద్దులో ఖోర్గోస్ దగ్గరో దోస్తిక్ దగ్గరో, ఇంకోసారి బెలారస్, పోలండ్ సరిహద్దులో బ్రెస్ట్, మవషెవిచె దగ్గర. ఎత్తడానికి గంటలే పడుతుంది. తన వంతు కోసం యార్డులో నిలబడటానికి రోజులు పడతాయి. రద్దీ కాలంలో రైలు ఆలస్యమైందని వింటే, అది దారిలో మెల్లగా నడిచి ఆలస్యమైంది కాదు, ఈ రెండు చోట్లా ఆగిపోయి ఆలస్యమైందని అనుకోవచ్చు.

రోజుల విలువ లెక్క కట్టడం

రైలు అమ్మేది రోజులు. వాటిని కొనాలా వద్దా అన్నది మీ పెట్టెలో ఉన్న సరుకు విలువను బట్టి తేలుతుంది. ఇక్కడ చాలామంది కిరాయిలు మాత్రమే పక్కపక్కన పెట్టి చూసి ఆగిపోతారు. దారిలో ఉన్నన్నాళ్లూ సరుకు మీద పెట్టుబడి ఇరుక్కుని ఉంటుంది. ఆ వడ్డీని కూడా కిరాయిలో కలపాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు లెక్క కోసం వేసుకున్నవి, మీ కొటేషన్ అంకెలు పెట్టుకుని మళ్లీ చేసుకోండి. గోడౌన్ నుంచి గోడౌన్‌కు రైలుకు 20 రోజులు, ఓడకు 40 రోజులు అనుకుందాం. రైలు కిరాయి 40 అడుగుల పెట్టెకు ఓడ కంటే 3,000 డాలర్లు ఎక్కువ అనుకుందాం. వడ్డీ, ఇన్సూరెన్స్, సరుకు పాతబడటం అన్నీ కలిపి ఏడాదికి 15 శాతం, మన ఊళ్ల లెక్కన నూటికి రూపాయి పావలా.

పెట్టెలో 5,00,000 డాలర్ల ల్యాప్‌టాప్‌లు ఉంటే, మిగిలిన 20 రోజుల విలువ 4,100 డాలర్ల పైచిలుకు. రైలుకు అదనంగా ఇచ్చిన 3,000 పోను ఇంకా వెయ్యి మిగులుతుంది. అదే పెట్టెలో 40,000 డాలర్ల కుర్చీలు, బల్లలు ఉంటే 20 రోజుల విలువ 330 డాలర్లు కూడా లేదు. కుర్చీలను రైలెక్కించడం డబ్బు పారబోసుకోవడమే.

రెండు దారులకూ సరిసమానమయ్యే గీత ఎక్కడుందో కూడా ఇదే లెక్కతో తెలుస్తుంది. పై అంకెల ప్రకారం ఆ గీత 3,65,000 డాలర్లు. పెట్టెలో అంతకంటే విలువైన సరుకు ఉంటే రైలు గురించి ఆలోచించవచ్చు. వడ్డీ నూటికి ముప్పావలాకే దొరికే కంపెనీకి, సరుకు పాతబడే బెడద కూడా లేకపోతే, ఆ గీత 6,00,000 దాటిపోతుంది. ఓడలు సూయజ్ వదిలేసి ఆఫ్రికా చుట్టూ తిరుగుతూ ఇంకో 12 రోజులు ఆలస్యమవుతుంటే, 15 శాతం లెక్కనే గీత 2,28,000 దగ్గరికి దిగుతుంది. అందుకే ఒక ఏడాది సరైన నిర్ణయం మరుసటి ఏడాది తప్పవుతుంది.

వడ్డీలో కనిపించని సంగతులు ఇంకో రెండు ఉన్నాయి. సీజను బట్టలు పదిహేను రోజులు ఆలస్యమైతే సగం ధరకు అమ్ముకోవాలి. కార్ల ఫ్యాక్టరీకి ఒక విడిభాగం అందకపోతే లైను మొత్తం ఆగుతుంది. అక్కడ నూటికి ఇంతని వడ్డీ లెక్కలు పనికిరావు. రెండోది, సగటు రోజుల కంటే ఆ రోజుల్లో వచ్చే హెచ్చుతగ్గులు ముఖ్యం. 14 రోజులని చెప్పి ఒకసారి 13కు, ఇంకోసారి 26కు చేర్చే రైలు కంటే, ప్రతిసారీ 40 రోజులకు కచ్చితంగా చేర్చే ఓడే ప్లానింగ్‌కు నయం. చేతిలో అదనంగా ఎంత స్టాకు పెట్టుకోవాలో నిర్ణయించేది ఈ హెచ్చుతగ్గే. సరుకు రవాణా ఏర్పాట్లు చూసే ఫార్వార్డర్ దగ్గర సగటు అడగకండి, గడిచిన మూడు నెలల్లో అన్నిటికంటే ఆలస్యంగా చేరిన పెట్టెకు ఎన్ని రోజులు పట్టిందో అడగండి.

ఇంకో మాట. రైలుకు నిజమైన పోటీ ఓడ కంటే విమానంతోనే ఎక్కువ. విమానంలో కిలోకు 3 డాలర్లనుకున్నా 10 టన్నులకు 30,000 డాలర్లు. ఇప్పటిదాకా భయపడి విమానంలో పంపుతున్న సరుకును రైలుకు మారిస్తే వచ్చే ఆదా, ఓడ నుంచి రైలుకు మారితే వచ్చే లాభం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. రైలు గురించి నాకున్న గౌరవమంతా ఇక్కడే.

కొటేషన్‌లో కనిపించే ధర అసలు ధరేనా

చైనా, యూరప్ రైళ్లు 2011లో మొదలయ్యాయి. ఆ ఏడాది పదిహేడు రైళ్లు నడిచాయి. 2020కి 12,000 దాటాయి, 2021కి 15,000 చేరాయి. ఈ పెరుగుదల అంతా వ్యాపారం తెచ్చింది కాదు. మా ఊరి నుంచి ఇన్ని రైళ్లు బయల్దేరాయని చెప్పుకోవడానికి చైనా నగరాల పాలకులు పోటీపడి సబ్సిడీలు ఇచ్చారు. ఆ పోటీలో ఎంత దూరం పోయారంటే, ఒక రైల్లో 41 పెట్టెలుంటే ఒక్కదానిలోనే సరుకుందని, మిగతావన్నీ ఖాళీవని 2019లో బయటపడింది. అంతకు ముందే బీజింగ్ పగ్గాలు బిగించడం మొదలుపెట్టి, సబ్సిడీ ఖర్చులో 2018లో 50 శాతం, 2019లో 40, 2020లో 30 దాటకూడదని మెట్లమెట్లుగా తగ్గించింది.

కొనేవాడికి దీంతో ఏం పని అంటారా? సబ్సిడీ మీద నిలబడిన ధర ఒక నోటీసుతో మారిపోతుంది. రైలు మీద ఆధారపడి మూడేళ్ల ఒప్పందం రాసుకునేవాళ్లు ఆ ధరలో ఎంత భాగం ఏ నగరం భరిస్తోందో కనుక్కోవాలి. తిరుగు ప్రయాణం సంగతి కూడా ఉంది. పడమరకు నిండుగా పోయే రైళ్లు తూర్పుకు అంత నిండుగా రావు. ఖాళీ పెట్టెల ఖర్చు ఎటూ ఎవరో ఒకరి మీద పడుతుంది. ఆ కారణంగానే యూరప్ నుంచి చైనాకు కార్లు, కలప, పాలపొడి, వైన్ పంపేవాళ్లకు రైలు ధరలో బేరమాడే వీలు ఎక్కువ. అటువైపు వ్యాపారం ఉన్నవాళ్లు ఓడ ధరతో సరిపెట్టుకునే ముందు ఒకసారి అడిగి చూడటం మంచిది.

ఓడ ధరలు మాత్రం నిలకడగా ఉంటాయా అంటే అదీ లేదు. కోవిడ్‌కు ముందు షాంఘై నుంచి రాటర్‌డామ్‌కు 40 అడుగుల పెట్టె 2,000 డాలర్ల చుట్టూ ఉండేది. 2021 శరత్కాలంలో 14,000 దాటింది. అలాంటప్పుడు రైలు, ఓడ ధరలు దాదాపు ఒకటై, రైలెక్కించినవాడే తెలివైనవాడు అనిపించుకున్నాడు. ఆ అనుభవాన్ని మామూలు రోజులకు అన్వయించినవాళ్లకు 2023లో ఓడ కిరాయిలు పాత స్థాయికి కూలిపోయినప్పుడు చేతులు కాలాయి.

ఫ్యాక్టరీ ఎక్కడ, గోడౌన్ ఎక్కడ

చోంగ్‌చింగ్ రైళ్లు పుట్టిన కారణం చూస్తే సగం జవాబు దొరుకుతుంది. జీతాలు తక్కువని ల్యాప్‌టాప్ తయారీ కంపెనీలు తీరం వదిలి లోపలికి పోయాయి. హెచ్‌పీ అందులో పెద్దది. ఆ నగరం తీరానికి 1,500 కిలోమీటర్ల లోపల ఉంది. నదిలో పడవ మీద షాంఘై చేరడానికే పది రోజులకు పైగా పోతుంది, పైగా త్రీ గోర్జెస్ ఆనకట్ట దగ్గర పడవలను ఎక్కించి దించే లాకుల కోసం నిరీక్షణ. అంత విలువైన సరుకుకు అంత మెల్లని దారి కుదరక పడమటి దిక్కు చూశారు.

దీన్నుంచి తీసుకోవాల్సింది ఏమిటంటే, రెండు చివరలూ లోతట్టున ఉంటేనే రైలుకు బలం. చోంగ్‌చింగ్, చెంగ్డూ, షియాన్ నుంచి పోలండ్‌కో చెక్ రిపబ్లిక్‌కో దక్షిణ జర్మనీకో పోయే సరుకైతే లెక్క వేయండి. షెన్‌జెన్ ఫ్యాక్టరీ నుంచి రాటర్‌డామ్ పక్కన గోడౌన్‌కు అయితే లెక్క వేయడం కూడా దండగ. తీరం నుంచి లోతట్టుకు తెచ్చి రైలెక్కించి, మళ్లీ తీరానికి దించితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. స్పెయిన్, బ్రిటన్‌లకు నడిపిన రైళ్లు పేపర్లలో బాగా వచ్చాయి. తూర్పు చైనాలోని యివూ నుంచి మాడ్రిడ్‌కు 2014లో 13,000 కిలోమీటర్లు, లండన్‌కు 2017లో 12,000 కిలోమీటర్లు. చూడ్డానికి బ్రహ్మాండమే. కానీ రెండూ పెద్ద రేవులున్న దేశాలు, ఫ్యాక్టరీలున్న యివూ కూడా నింగ్‌బో రేవుకు దగ్గరే. అక్కడ రైలు ఓడను కొట్టడం కష్టం.

తెగే దారి ఏది

2021 మార్చి 23న ఎవర్ గివెన్ ఓడ సూయజ్ కాలువకు అడ్డంగా ఇరుక్కుని ఆరు రోజులు దారి మూసేసింది. అందరికీ గుర్తున్నది అంతవరకే. సరుకు యజమానులకు అసలు కష్టం తర్వాత మొదలైంది. ఈజిప్టుతో నష్టపరిహారం గొడవ తేలేవరకు ఓడను జులై 7 దాకా కదలనివ్వలేదు. రాటర్‌డామ్ చేరేసరికి జులై చివర. పైగా ఓడ యజమాని జనరల్ యావరేజ్ ప్రకటించారు. అంటే ఓడను కాపాడటానికైన ఖర్చులో సరుకున్న ప్రతివాడూ తన వాటా కట్టాలి, లేదా హామీ ఇవ్వాలి. ఇన్సూరెన్స్ లేనివాడు తన పెట్టె తాను విడిపించుకోవడానికే చేతి నుంచి డబ్బు పెట్టుకోవాలి. ఓడలో పంపేటప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర పొదుపు చేయకూడదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

2023 నవంబరులో ఎర్రసముద్రంలో ఓడల మీద యెమెన్ హౌతీ తిరుగుబాటుదారుల దాడులు మొదలయ్యాయి. డిసెంబరుకల్లా పెద్ద కంపెనీలన్నీ ఆఫ్రికా దక్షిణ కొసనున్న గుడ్‌హోప్ అగ్రం చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. పది నుంచి పద్నాలుగు రోజుల ఆలస్యం, దానికి తగ్గ కిరాయి. కానీ ఒక్కటి గమనించండి. దారి మూసుకుపోయినా ఓడకు ఇంకో దారి ఉంది. పొడుగైనా సరే, అక్కడ ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు.

రైలుకు ఆ సౌలభ్యం లేదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే రష్యా మీదుగా సరుకు పంపడానికి యూరప్ కంపెనీలు చాలావరకు వెనుకాడాయి, ఇన్సూరెన్స్ ఇచ్చేవాళ్లూ వెనుకాడారు. 2025 సెప్టెంబరులో పోలండ్ భద్రతా కారణాలతో బెలారస్ సరిహద్దు మూసేసింది. రెండు వారాల పాటు ఆ దారిన ఒక్క పెట్టె కదల్లేదు. రద్దీతో అప్పటికే నలుగుతున్న మవషెవిచెకు గోరుచుట్టు మీద రోకటి పోటు. కాస్పియన్ సముద్రం దాటి అజర్‌బైజాన్, జార్జియా మీదుగా పోయే మధ్య కారిడార్ ఉంది. అది రష్యాను తప్పిస్తుంది కానీ రైలు, ఓడ, మళ్లీ రైలు అన్న వరసతో రోజులూ ఖర్చూ పెరుగుతాయి. దాని సామర్థ్యమూ చిన్నది. అత్యవసరానికి దారి అంతే, రోజువారీ దారి కాదు.

రైలుకు రెండు వారాలూ, ఓడకు రెండు వారాలూ ఆలస్యమైతే ఒకటే కదా అనిపించవచ్చు. కాదు. రైలెక్కించినవాడు ఆ రోజుల కోసమే అదనపు డబ్బు కట్టాడు.

కాగితాలు, చలి, చెమ్మ

ఓడ బిల్ ఆఫ్ లేడింగ్ సరుకు మీద హక్కు పత్రం. అది చేతిలో ఉంటే సరుకు మీదే, బ్యాంకు దాన్ని పట్టుకుని ఎల్సీ (కొన్నవాడి తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) మీద డబ్బిస్తుంది. దారిలో ఉండగానే సరుకు అమ్మేయవచ్చు. రైల్వే కన్‌సైన్‌మెంట్ నోట్‌కు ఆ హోదా లేదు. అది రవాణా ఒప్పందానికి రుజువు మాత్రమే. ఎల్సీ మీద నడిచే చిన్న వ్యాపారికి ఇది కిరాయి తేడా కంటే పెద్ద సమస్య కావచ్చు. రైలు బుక్ చేసే ముందు బ్యాంకు వాళ్లను అడగండి, ఫార్వార్డర్‌ను కాదు.

చలికాలంలో కజకిస్తాన్ మైదానాల్లో ఉష్ణోగ్రత మైనస్ 30కి దిగుతుంది. వైన్, రంగులు, కొన్ని స్క్రీన్లు తట్టుకోలేవు. వేడి ఉంచే పెట్టెలు దొరుకుతాయి, ధర వేరు. ఓడలో శత్రువు చెమ్మ. భూమధ్యరేఖ దాపుల నుంచి చల్లని సముద్రంలోకి పోయేసరికి పెట్టె లోపలి కప్పు నుంచి నీళ్లు కారతాయి. తోలు వస్తువులకు, అట్టపెట్టెలకు తేమ పీల్చే సంచులు వేలాడదీయక తప్పదు. లిథియం బ్యాటరీలున్న సరుకైతే రెండు దారుల్లోనూ నిబంధనలు కఠినమే. ధర అడిగే ముందు అసలు ఒప్పుకుంటారో లేదో అడగాలి.

కర్బన లెక్క చూసేవాళ్లకు ఒక మాట. 2024 నుంచి యూరోపియన్ యూనియన్ ఓడల ఉద్గారాలకూ డబ్బు వసూలు చేస్తోంది, బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణాల్లో సగానికి. అది బిల్లులో వేరే వరుసగా వస్తుంది. కిరాయితో పోలిస్తే చిన్న మొత్తం. దాని కోసం దారి మార్చేవాళ్లు నాకు కనబడలేదు.

మన దేశం నుంచి అయితే?

విశాఖ నుంచో హైదరాబాద్ నుంచో యూరప్‌కు పంపేవాళ్లకు పట్టాల దారి లేదు. మధ్యలో పాకిస్తాన్ ఉంది, యూరప్ గేజ్ వేరు, మనది 1676. ఉత్తర, దక్షిణ కారిడార్ అని 2000లో ఇండియా, ఇరాన్, రష్యా సంతకాలు చేశాయి. ముంబై నుంచి ఇరాన్ రేవుకు ఓడ, అక్కడి నుంచి రైలో లారీయో, దాదాపు 7,200 కిలోమీటర్లు. పశ్చిమ తీరపు దారిలో రష్త్, అస్తారా మధ్య 162 కిలోమీటర్ల పట్టాలు వేయడానికి రష్యా, ఇరాన్ 2023లో ఒప్పందం చేసుకున్నాయి, ఆ పని ఇంకా పూర్తి కాలేదు. రష్యాకు మందులో, టీయో పంపేవాళ్లు దీన్ని పరిశీలించవచ్చు, ఆంక్షల సంగతి బ్యాంకుతో తేల్చుకున్నాక. జర్మనీకి పంపేవాళ్లకు ఇది దారి కాదు.

2023 సెప్టెంబరులో ఢిల్లీ జీ20లో ప్రకటించిన మధ్యప్రాచ్య కారిడార్‌లో ఓడ, రైలు, మళ్లీ ఓడ. సౌదీ, జోర్డాన్ దాటి ఇజ్రాయెల్ రేవు హైఫా దాకా పట్టాలు పూర్తయినా, రెండుసార్లు ఎత్తిదించే ఖర్చును సూయజ్ టోలుతో పోల్చి చూడాలి. మామూలు రోజుల్లో సూయజే గెలుస్తుందని నా అంచనా. మన ఎగుమతిదారుకు ఇవాళ నిజంగా పనికొచ్చే మధ్యరకం దారి దుబాయ్ వరకు ఓడ, అక్కడి నుంచి విమానం. మొత్తం దారి విమానంలో పంపడం కంటే ఖర్చు తక్కువ, ఓడ కంటే వేగం. ఎర్రసముద్రం గొడవలో చాలామంది దాన్నే పట్టుకున్నారు.

చైనా నుంచి తెప్పించేవాళ్లు కూడా అంతా ఒకే దారిలో పెట్టనక్కర్లేదు. కొత్త మోడల్ అమ్మకం మొదలయ్యే వారానికి సరిపడా సరుకు రైల్లో, మిగతాది అదే రోజున ఓడలో. రైలు ఆలస్యమైతే కొద్దిమేరే నష్టం, సకాలంలో వస్తే ఓడ వచ్చేదాకా షాపు ఖాళీగా ఉండదు. కొటేషన్ తీసుకునేటప్పుడు రైలు ధర ఎన్ని రోజులు చెల్లుతుందో, సరిహద్దు మూస్తే పెట్టెను ఎవరి ఖర్చుతో వెనక్కి తెస్తారో, యార్డులో ఆగిన రోజులకు పడే రుసుము (డెమరేజ్) ఎవరిదో రాతపూర్వకంగా అడగండి. ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే ఓడకే బుక్ చేయండి.